నోట్లు లెక్కించు యంత్రము: చిన్న వ్యాపారికి తగిన ఎంపిక

మన పాఠశాల వార్షిక సంచికలో పిల్లల చదువును గూర్చియు, మాతృభాషను గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. ఈ సంవత్సరము మేము గల్లాపెట్టెను గూర్చి వ్రాయ సాహసించితిమి. ఇది పాఠశాల పత్రికకు తగిన విషయమా యని కొందరు సందేహింపవచ్చును. అయినను మన పిల్లల తల్లిదండ్రులలో కోవిల్‌పట్టియందును, విరుదునగరమందును చిన్న వ్యాపారము చేసికొని జీవించువారు చాలమంది కలరు. ఒకరికి కిరాణా అంగడి, ఒకరికి వేరుసెనగ మిఠాయి బట్టీ, ఒకరికి అగ్గిపెట్టెల వ్యాపారము, ఒకరికి పప్పులు, ఎండుమిరపకాయల మండీ. పిల్లల జీతము, పుస్తకములు, బస్సు ఖర్చు అన్నియు ఆ గల్లాపెట్టెనుండియే రావలెను. తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చినప్పుడెల్ల, "నోట్లు లెక్కించు యంత్రము ఒకటి కొనదలచితిమి, ఏది మంచిది?" అని ఎవరో ఒకరు మమ్ము అడుగుచునే యున్నారు. మేము మొదట ఆలోచింపక కొని, నష్టపడి, పిమ్మట నేర్చుకొన్నవారము. ఆ నేర్చినదానిని నలుగురితో పంచుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మా అనుభవము

కోవిల్‌పట్టిలో మాకొక చిన్న మిఠాయి బట్టీ కలదు. ఈ ఊరి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించిన సంగతి మీరెరుగుదురు. మా బట్టీలో ఆరుగురు స్త్రీలు పని చేయుచున్నారు. శనివారము సాయంకాలము కూలి ముట్టజెప్పుట మా పద్ధతి. కొన్ని సంవత్సరముల క్రిందట, నిమిషమునకు వేయి నోట్లు లెక్కించునని అమ్మువాడు చెప్పగా, వెల తక్కువయని ఒక యంత్రమును కొంటిమి. రాత్రి అంగడి మూసిన పిమ్మట ఆనాటి నోట్లన్నియు అందులో పెట్టి, వచ్చిన సంఖ్యను చిట్టాలో వ్రాసికొని నిశ్చింతగా నిద్రించెడివారము.

ఒక శనివారము కూలి పుచ్చుకొనిపోయిన ఒక తల్లి, సోమవారము పనికి వచ్చి అయిదువందల నోటును మా ముందుంచి, "అన్నా, మందులంగట్లో ఇది చెల్లదన్నారు. నలుగురి ముందర నన్ను దొంగను చూసినట్టు చూసినారు" అనెను. ఆమెకు వేరొక నోటు ఇచ్చితిమి. దొంగనోటును బ్యాంకులో అప్పగించితిమి. మాకు పోయినది అయిదువందల రూపాయలు మాత్రమే. ఆమె బిడ్డకు కొనవలసిన మందు రెండు దినములు ఆలస్యమైనది. ఆమెకు జరిగిన అవమానమును మేము ఏమి ఇచ్చియు తీర్పజాలము. ఆ నోటు మా పెట్టెలో ఎవరివలన, ఏ వేళ పడినదో చెప్పుటకును వీలులేకపోయెను. ఏలయన, ఇచ్చినవారందరు ఇండ్లకు పోయిన తరువాతనే మేము లెక్కించుచుంటిమి. తప్పు కొంత యంత్రముది. దానిని వాడిన వేళది అంతకంటె ఎక్కువ.

పూర్వపు పరికరము

డబ్బును త్వరగా లెక్కింపవలెనను కోరిక క్రొత్తది కాదు. మనకు పడమటి కొండల ఆవలనున్న తిరువాన్కూరు సంస్థానమున చక్రము అను మిక్కిలి చిన్న వెండి నాణెము చెల్లుబడిలో ఉండెను. దానిని వ్రేళ్లతో ఏరి లెక్కించుట కష్టము. కావున ఒక చెక్కపలకమీద వరుసలుగా చిన్న గుంటలు తొలిచి, నాణెములను దానిపై గుమ్మరించి ఊపెడివారు. గుంట కొక్క నాణెము నిలిచి, మిగిలినవి జారిపోయెడివి. పలక నిండినంతనే లెక్క తేలెడిది. ఆ పలకకు మూడు మంచి గుణములు కలవు. లెక్క తప్పదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఏకకాలమున చూడగలరు. చెడిపోవుటకు అందులో ఏమియు లేదు. నేటి యంత్రమును ఎన్నుకొనునప్పుడును ఈ మూడు గుణములనే వెదకవలెనని మా అభిప్రాయము.

రూపాయలు కాదు, కాగితములు

అసలు మనకు యంత్రము అవసరమా అనునది మొదటి ప్రశ్న. 2016లో యూపీఐ ఆరంభమైన తరువాత చాలమంది కొనుగోలుదారులు ఫోనుద్వారానే చెల్లించుచున్నారు. కావున పాత అలవాటును బట్టి నిర్ణయింపక, ఒక వారము దినములు ప్రతి రాత్రియు చిట్టాలో మొత్తముతోపాటు నోట్ల సంఖ్యను గూడ వ్రాసికొనుడు.

వ్యాపారము పెద్దదయినచో లెక్కయు పెద్దదగునని అనుకొనుట పొరపాటు. విరుదునగరము మండీలో లక్ష రూపాయలు అయిదువందల నోట్లలో వచ్చినచో అవి రెండు కట్టలు మాత్రమే. కోవిల్‌పట్టి మిఠాయి అంగడిలో అయిదు వేల రూపాయలు పది రూపాయల నోట్లలో వచ్చినచో అవి అయిదు కట్టలు. అగ్గిపెట్టె వెల 2007 నుండి ఒక రూపాయిగా నుండి, 2021 డిసెంబరు 1 నుండి రెండు రూపాయలైనది. అట్టి సరుకు అమ్మువారికి వచ్చునవి నలిగిన చిన్న నోట్లే. కావున లక్ష చూచు వర్తకునికంటె అయిదు వేలు చూచు వర్తకునికే యంత్రము ఎక్కువ అవసరము కావచ్చును. దినమునకు మూడు వందల కాగితములకు లోబడినచో చేతి లెక్కయే చాలునని మా అనుభవము. అయిదు వందలు దాటినచో యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును. నాణెములను ఈ యంత్రము లెక్కింపదు. వానిని తూచి లెక్క కట్టుటయు నమ్మదగినది కాదు. ఒకే విలువగల నాణెములు వేర్వేరు సంవత్సరములలో వేర్వేరు బరువులతో వెలువడినవి.

యంత్రము పని చేయు విధము

పైనున్న అరలో నోట్ల కట్టను నిలుపుదుము. రబ్బరు చుట్టిన ఉరుళ్లు తిరుగుచు ఒక్కొక్క నోటునే క్రిందికి లాగును. దారిలో కంటికి కానరాని పరారుణ కాంతిరేఖ యొకటి కలదు. నోటు దాటినప్పుడెల్ల ఆ రేఖ తెగును. తెగినన్ని మారులు లెక్కకు చేరును. పిమ్మట రెక్కలుగల చక్రము నోటును అందుకొని ముందరి అరలో పేర్చును. రెండు నోట్లు అంటుకొని దిగినచో కాంతి మరింత మందగించును గనుక, యంత్రము ఆగి సూచన చేయును. ఉరుళ్లు అరిగినను, కాంతి వెలువడు కన్నుపై దుమ్ము పట్టినను లెక్క తప్పును. యంత్రమందలి తప్పులలో అధికభాగము ఈ రెంటివలననే కలుగును.

దొంగనోటును గుర్తించుటకు మూడు నాలుగు ఉపాయములు కలవు. మొదటిది అతినీలలోహిత కాంతి. మన నోటు కాగితము ప్రత్తితో తయారైనది. ఆ కాంతిలో సామాన్యపు తెల్లకాగితము నీలితెలుపుగా వెలుగును, నోటు కాగితము వెలుగదు. రెండవది అయస్కాంత పరీక్ష. మూడవది పరారుణ కాంతిలో నోటుమీది బొమ్మలో కొన్ని భాగములు మాయమై, కొన్ని నిలిచియుండుటను చూచుట. నాలుగవది నోటు కొలత. మేము మొదట కొన్న యంత్రమున అతినీలలోహిత దీపము ఒక్కటే ఉండెను. వెలుగని కాగితముపై అచ్చు వేసిన దొంగనోటు ఆ దీపమునకు దొరకదు. మరియొక చిక్కు గూడ కలదు. చొక్కా జేబులో మరచి సబ్బుపొడితో ఉతికిన మంచి నోటు ఆ దీపము క్రింద వెలుగును. సబ్బుపొడిలో తెలుపుకొరకు కలుపు పదార్థము దానికి కారణము. కావున ఒకే పరీక్షను నమ్మిన యంత్రము దొంగను విడిచి దొరను పట్టవచ్చును.

రకములు

అంగళ్లలో దొరకు యంత్రములు ముఖ్యముగా నాలుగు రకములు. కాగితములను మాత్రము లెక్కించునది మొదటిది. లెక్కతోపాటు పైన చెప్పిన పరీక్షలు చేయునది రెండవది. పది, ఇరువది, నూరు, అయిదువందలు కలిపి పెట్టినను ఒక్కొక్క నోటు విలువను గుర్తించి మొత్తము కట్టునది మూడవది, వెలయు ఎక్కువ. కట్టను విప్పకయే గాలితో పీల్చి లెక్కించు పెద్ద యంత్రము నాలుగవది. అది బ్యాంకులకు తగినది, మనకు అక్కరలేదు.

మొదటి రకముతో వచ్చు నష్టమును ఒక లెక్కతో చూపుదుము. అయిదువందల నోట్ల కట్టలో ఒక్క నూరు రూపాయల నోటు చేరినదనుకొందము. యంత్రము నూరు అనియే చూపును. మనము 50,000 అని వ్రాసికొందుము. ఉన్నది 49,600. లెక్క సరియైనది, డబ్బు సరికాదు.

నోటు కొలతలను గూడ తెలిసికొనుట మంచిది. 2017 మొదలు 2019 వరకు వెలువడిన క్రొత్త నోట్లలో పది రూపాయల నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, ఇరువదిది 129, ఏబదిది 135, నూరుది 142, రెండువందలది 146. 2016లో వచ్చిన అయిదువందల నోటు పొడవు 150. నూరునకు రెండువందలకు భేదము నాలుగే మిల్లీమీటర్లు, రెండువందలకు అయిదువందలకును నాలుగే. మూల మడిచిన నోటును కొలతమాత్రమే చూచు యంత్రము పోల్చుకొనలేదు. బొమ్మను, రంగును గూడ చూచునది కావలెను. 157 మిల్లీమీటర్ల పాత నూరు రూపాయల నోటు ఇంకను చెల్లుచున్నది. అది క్రొత్తవానితో కలిసి వచ్చుచునే యుండును.

ఈ కారణములచేత, చిన్న నోట్లు అధికముగా వచ్చు కోవిల్‌పట్టి అంగడివారు నోట్లను చేతితో వేరుపరచుకొని రెండవ రకమును వాడుట మేలు. వేర్వేరు ఊళ్ల వర్తకులు కలిపి కట్టిన కట్టలు పుచ్చుకొను విరుదునగరము మండీవారికి మూడవ రకము తగియుండును. అయితే ఒకే దినమున ఒకే మనిషినుండి రెండు లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకొనరాదని 2017 ఏప్రిలు 1 నుండి చట్టము నిషేధించినది. యంత్రము లెక్కించునని ఆ హద్దు మరువరాదు.

కొనకముందు పరీక్ష

అమ్మువారు క్రొత్త నోట్ల కట్టను పెట్టి చూపుదురు. క్రొత్త నోట్లను ఏ యంత్రమైనను లెక్కించును. కావున మీ పెట్టెలోని నోట్లనే తీసికొనిపోవుడు. నలిగినవి, మెత్తబడినవి, అతుకు వేసినవి కలిపి నూరు నోట్లు తీసి, ఇంటిలో ఇద్దరు వేర్వేరుగా చేతితో లెక్కించి ఉంచుకొనుడు. వానిని యంత్రమున అయిదు మారులు వేయించి చూడుడు. ఒక్క మారు తప్పినను ఆ యంత్రము వలదు. తరువాత క్రొత్త నూరు నోట్లలో పాత నూరు నోటు నొకదానిని, అయిదువందల నోట్లలో రెండువందల నోటు నొకదానిని దాచి పెట్టి, కనుగొనునో లేదో చూడుడు. బెల్లపు జిగురుతో అంటుకొన్న రెండు నోట్లను ఒక్కటిగా ఎంచునేమో చూడుడు. చిక్కుపడిన నోటును చింపక బయటికి తీయుట సులభమేనా యని మీ చేతితోనే తీసి చూడుడు. దొంగనోటుతో పరీక్షింతమని దానిని దాచుకొని తీసికొనిపోరాదు. అది బ్యాంకునకు అప్పగింపవలసిన వస్తువు.

వేగమునకు ఆశపడవలదు. నలిగిన నోట్లకు మెల్లగా తిరుగు యంత్రమే మేలు. వేగమును తగ్గించు ఏర్పాటు ఉన్నదా అని అడుగుడు. నూరు నోట్లకు తానే ఆగు ఏర్పాటు కట్టలు కట్టుకొనుటకు మిక్కిలి ఉపయోగము. అన్నింటికంటె ముఖ్యమైనది, ఎదుటివానివైపు సంఖ్యను చూపు రెండవ పలక. అది లేని యంత్రమును మేము ఇకమీద కొనము.

మరమ్మతు సంగతి గూడ ముందే తేల్చుకొనవలెను. మరమ్మతు చేయువాడు మధురలోనో తిరునెల్వేలిలోనో ఉన్నాడా, లేక యంత్రమును దూరదేశము పంపవలెనా? ఉరుళ్లు విడిగా దొరకునా? హామీపత్రము, పన్నుతో కూడిన బిల్లు ఇత్తురా? ప్రభుత్వము క్రొత్త నోటు వెలువరించినచో దానిని గుర్తించునట్లు ఎవరు, ఎంత రుసుమునకు సవరింతురు? 2016 నవంబరు 8న పాత అయిదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయి, క్రొత్తవి వచ్చినప్పుడు పాత యంత్రములకు క్రొత్త నోట్లు తెలియవు. 2023 మే నెలలో రెండువేల నోటును రిజర్వు బ్యాంకు ఉపసంహరించినది. కావున నోటు మారును, యంత్రము మారగలదా అని అడిగి కొనవలెను.

ఇంటికి తెచ్చిన తరువాత ప్రతి దినము పని ముగియగానే విద్యుత్తు తీసివేసి, మెత్తని కుంచెతో కన్నులను, ఉరుళ్లను తుడువవలెను. మిఠాయి బట్టీలో బెల్లపు జిగురు, మండీలో మిరపపొడి, అగ్గిపెట్టెల చోట మందుపొడి యంత్రమునకు శత్రువులు. సరుకు కట్టు చోటికి దూరముగా నుంచుడు. నోట్లకు పిన్నులు కొట్టవలదు. బ్యాంకులకు సైతము 2001లోనే రిజర్వు బ్యాంకు ఆ అలవాటును మానుమని ఆదేశించినది. ఒక్క పిన్ను చాలును ఉరుళ్లు చెడుటకు.

దొంగనోటు దొరికినప్పుడు

యంత్రము కూసినంత మాత్రమున నోటు దొంగది కాదు, ఊరకున్నంత మాత్రమున మంచిది కాదు. అనుమానము కలిగిన నోటును చేతితో చూడవలెను. క్రొత్త నూరు, రెండువందల, అయిదువందల నోట్లను వంచి చూచినచో భద్రతా దారము ఆకుపచ్చనుండి నీలమునకు మారును. అంచులయందు వ్రేలికి తగులు ఉబ్బెత్తు గీతలు నూరు నోటుకు నాలుగు, అయిదువందల నోటుకు అయిదు. రెండువందల నోటుకు నాలుగు గీతలు, వాని నడుమ రెండు చిన్న వృత్తములు ఉండును. చూపులేనివారికొరకు ఏర్పరచిన ఈ గీతలు చూపున్నవారికిని రక్షణయే. వెలుతురునకు ఎదురుగా పట్టినచో గాంధీజీ నీటిగుర్తు కనబడును.

దొంగనోటని తేలినచో దానిని మరియొకరికి అంటగట్టరాదు. తెలిసి చెల్లించుట శిక్షార్హమైన నేరము. బ్యాంకునకు ఇచ్చినచో వారు ముద్ర వేసి ఉంచుకొని రసీదు ఇత్తురు, డబ్బు ఇయ్యరు. ఒకే మారు నాలుగు వరకు దొరికినచో నెలవారీ నివేదికలో పోలీసులకు తెలుపుదురు. అయిదు, అంతకు మించి దొరికినచో ఫిర్యాదు నమోదగును. చిరిగిన నోటు దొంగనోటు కాదు. దానిని బ్యాంకులో నియమములనుబట్టి మార్చుకొనవచ్చును. కూలివారికి చిరిగిన నోటు ఇచ్చి, ఆ శ్రమను వారిమీద త్రోయుట న్యాయము కాదు.

నష్టము తప్పించుకొనుటకు ఒక్కటే మార్గము. నోటు మన పెట్టెలో పడకముందే, ఇచ్చినవాడు ఎదుటనుండగానే పరీక్షింపవలెను. అప్పుడు "అయ్యా, ఇది మార్చి ఇండు" అని మర్యాదగా చెప్పవచ్చును. రాత్రి తెలిసిన దొంగనోటునకు యజమాని మనమే. ఇచ్చునప్పుడును అట్లే. ఇప్పుడు మా యంత్రము అంగడి బల్లమీదనే యున్నది. శనివారము ఒక్కొక్కరి కూలిని వారి కన్నులయెదుటనే అందులో వేసి, రెండవ పలకను వారివైపు త్రిప్పి, పిమ్మట చేతికిచ్చుచున్నాము. ఆరుగురికి పది నిమిషములు పట్టును. నాడు నోటు తెచ్చిన ఆ తల్లియే నేడు అందరికంటె శ్రద్ధగా పలకను చూచి, సంఖ్యను పైకి చదివి మరీ పుచ్చుకొనును.

పిల్లల చేతి లెక్క

యంత్రము వచ్చినదని పిల్లలకు చేతి లెక్క మాన్పించవలదని తల్లిదండ్రులకు మా మనవి. విద్యుత్తు పోయిన దినమున, యంత్రము తప్పు చెప్పిన దినమున, దానిని సరిదిద్దవలసినది మనిషి చేయియే. వారమున కొకనాడు ఒక కట్టను పిల్లలచేత లెక్కింపించి, తరువాత యంత్రముతో సరిచూపుడు. ధాన్యము కొలుచునప్పుడు మన పెద్దలు ఒకటి అనక "లాభము" అని ఆరంభించి, రెండు, మూడు అని సాగించెడివారు. ఆ వాడుకయు, తెలుగు అంకెలును ఇంటిలో ఇంకెక్కడను వినబడకున్నను, నోట్ల కట్టయొద్దనైనను వినబడవలెను.

నోటు వెనుకవైపున పదునైదు భాషలలో దాని విలువ వ్రాసి ఉండును. అందు పదుమూడవ వరుస తమిళము, దాని క్రిందనే పదునాలుగవ వరుస తెలుగు. మన పిల్లలు ఈ రెండు వరుసలను చదువగలవారు కావలెను. ఈ సంచిక చేతికందిన రాత్రి గల్లాపెట్టెనుండి ఒక నోటు తీసి, మీ పిల్లవానిచేత ఆ రెండు వరుసలు చదివింపుడు. పిమ్మట ఆనాటి నోట్లను వానిచేతనే లెక్కింపించి, సంఖ్యను చిట్టాలో వ్రాయుడు. యంత్రము కావలెనో వలదో ఒక వారములో ఆ చిట్టాయే మీకు చెప్పును.